పాపిడి

ఆ వేళ తెల్లారుతూనే ఆకాశం తూర్పు నుంచి మూసుకొచ్చింది. మబ్బు నలుపు కాదు. పొయ్యిలోని బూడిద మీద నీళ్ళు చల్లితే ఏ రంగొస్తుందో ఆ రంగు. సముద్రంలో వాయుగుండం పట్టిందని ముందురోజు నుంచీ అనుకుంటున్నారు. గాలి మాత్రం ఆకు కదిలేంత కూడా లేదు. శ్రీకాకుళంలో ఆడపిల్లల కాలేజీ మైదానంలో చెప్పులు విడిచి వరసలో నిలబడ్డ భరణి, తల ఎత్తి ఆ మబ్బును చూసింది. ఊళ్ళో తమ వరి పనల మీద ఉంది. కోసి పరిచిన పనలు తడిస్తే గింజ అక్కడే మొలకెత్తిపోతుంది. వానొచ్చేలోగా నాన్న కుప్ప వేసుకుంటాడో లేదో.

సెన్సే రమేష్‌బాబు వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. నెల్లిమర్ల మనిషి, జూట్ మిల్లు కార్మికుడి కొడుకు. గొంతు పెంచి మాట్లాడడు. కరాటే నేర్పే గురువుని సెన్సే అనాలని మొదటి రోజే చెప్పాడు. ఆ మాట పలకలేక పిల్లలు కొన్నాళ్ళు నవ్వుకున్నారు, తర్వాత అదే అలవాటైపోయింది.

"ఆకాశం నీ మీదకి రాదు. ఎదుట మనిషి వస్తాది. అటు సూడు," అన్నాడు.

ఎదుట సుహాసిని ఉంది. పాత బజారులో పప్పుధాన్యాల కొట్టు జగన్నాధం గారి కూతురు. భరణి కన్నా తలెత్తు పొడుగు. ఆమెతో మాట్లాడాలంటే భరణి మెడ ఎత్తాల్సిందే. "మా నాన్న పోలికే. అటకెక్కకుండానే డబ్బాలు దించుతాను," అని తన పొడుగు మీద తనే నవ్వేది సుహాసిని. ఆమె తెల్ల కరాటే దుస్తులు కుట్టించుకుంది. అవి ఉన్నవాళ్ళు ముందు వరస. లేనివాళ్ళు చుడీదారు మీద చున్నీ అడ్డంగా బిగించి కట్టుకుని వెనక వరస. రెండు వరసలూ ఎదురెదురుగా తిరిగితే ముందు వరస పిల్లకి వెనక వరస పిల్ల జత. కాలేజీ వార్షికోత్సవం నాడు ముందు వరస వాళ్ళే వేదిక ఎక్కుతారని ముందురోజు ప్రిన్సిపాల్ మేడం వచ్చి చెప్పి వెళ్ళింది. ఆ సాయంత్రం భరణి అన్నం సగంలో వదిలేసి కంచం కడిగేసుకోవడం హాస్టల్లో నలుగురూ చూశారు.

ఎందుకంటే పిడికిలి ఆపడంలో భరణిని మించినవాళ్ళు ఆ క్లాసులో లేరు. కొట్టడం ఎవరికైనా వస్తుంది, ఆపడమే విద్య అని సెన్సే చెప్పాడు. నడుం దగ్గర బయల్దేరిన పిడికిలి చివర్లో ఒక్క తిప్పు తిరిగి, ఎదుటి మనిషికి వేలెడు దూరంలో నిలిచిపోవాలి. భరణి దీన్ని హాస్టల్ పెరట్లో దండెం మీద ఆరేసిన తువ్వాలు ముందు నేర్చుకుంది. మొదట్లో తువ్వాలు ఎగిరిపోయేది. తర్వాత అంచు మాత్రం ఊగేది. ఇప్పుడు పిడికిలి వెళ్ళి నిలబడినా తువ్వాలుకి తెలియదు.

ఈ విద్యలో వాళ్ళకి వేరే చిక్కు కూడా ఒకటి వచ్చింది. కాలితో తన్నడం మొదలుపెట్టినప్పుడు, జతలో ఎవరి కాలు ఎవరికి తగిలినా, ఆ పిల్ల టక్కున వంగి తగిలిన చోట వేళ్ళు ఆనించి కళ్ళకద్దుకునేది. ఒకరని కాదు, వరస వరసంతా. దూరం నుంచి చూస్తే ఊడుపు చేలో ఆడవాళ్ళు వంగి లేస్తున్నట్టుండేది. సెన్సే కాసేపు నవ్వాడు, కాసేపు విసుక్కున్నాడు, ఆఖరికి ఒక ఏర్పాటు చేశాడు. తగిలినప్పుడల్లా వద్దు. క్లాసు అయిపోయాక జతలో ఒకరికొకరు ఒక్క దండం పెట్టుకుంటే, ఆ పూట తగిలిన కాళ్ళన్నిటికీ చెల్లు. పిల్లలకి అది నచ్చింది. మెల్లగా వంగడం మానేశారు. మానేశామనే అనుకున్నారు.

ఆ ఉదయం పాఠం కొత్తదేం కాదు. ముందు వరస కాలు విసరాలి. వెనక వరస ఆ కాలిని ఎడమ చేత్తో పక్కకి తోసి, కుడి పిడికిలిని ఎదుటి గుండెల మీదకి పంపి ఆపాలి. సెన్సే చప్పట్లు కొడుతూ వరస చివరికి నడిచాడు. అక్కడ ఒక పిల్ల బొటనవేలిని పిడికిలి లోపల దాచుకుంటోంది. దాన్ని బయటికి తీసి సరిచేస్తూ, అటు తిరిగే చప్పట్లు కొట్టాడు.

సుహాసిని కాలు వచ్చింది. మంచుకి గడ్డి తడిగా ఉంది. నిలబడ్డ కాలు జారిందో ఏమో, విసిరిన కాలు భరణి చేతిని తప్పించుకుని ఆమె నడుం పక్కన గట్టిగా తగిలింది. భరణి పిడికిలి అప్పటికే బయల్దేరింది. వెళ్ళాల్సిన చోటికి వెళ్ళింది. ఆగాల్సిన చోట ఆగింది. ఆగినట్టు ఆమె భుజానికి తెలిసింది. కానీ ఎదుట ఉండాల్సిన తెల్ల కోటు లేదు. పాపిడి కనిపించింది. నూనె రాసి సూటిగా తీసిన పాపిడి, దాని మధ్యలో మిరియపు గింజంత పుట్టుమచ్చ. ఆ వెంటనే ఒక చిన్న చప్పుడు, గాజు గోలీ గచ్చు మీద పడ్డట్టు.

ఎవరూ అరవలేదు. సుహాసిని కూడా అరవలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, మరిచిపోయినదేదో గుర్తు తెచ్చుకుంటున్న మనిషిలా భరణి వైపు చూసింది. వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా కారి తెల్ల కోటు మీద పడ్డాక గానీ పక్కవాళ్ళకి సంగతి తెలియలేదు. సెన్సే పరిగెత్తుకొచ్చి తన తువ్వాలు అడ్డం పెట్టి, ఆటో పిలిపించి, ఇద్దరు పిల్లల్ని తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. మైదానం ఖాళీ అయిపోయింది.

భరణి ఒక్కతే మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పాయలు తీసి వెతుకుతోంది. ఎందుకు వెతుకుతోందో ఆమెకే తెలియదు. దొరికింది. ముందు పన్ను సగం, బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది. చున్నీ చెంగున ముడేసుకుంది. తన కుడి చేతి మెటిక మీద తోలు లేచి ఉండడం అప్పుడు చూసింది. నొప్పి లేదు. ఆ చెయ్యి తనది కానట్టు, ఎవరో తెచ్చి తన ఒళ్ళో పెట్టి వెళ్ళినట్టు ఉంది.

*

ప్రిన్సిపాల్ మేడం గదిలో మధ్యాహ్నం దాకా నిలబడింది. సెన్సే కూడా నిలబడే ఉన్నాడు. అతని చొక్కా చేతి మీద మరక ఎండి గోధుమ రంగుకి తిరిగింది. సుహాసిని పెదవికి కుట్లు వేశారనీ, మాట్లాడొద్దన్నారనీ చెప్పాడు. ఏం జరిగిందని కాగితం ఇచ్చి అడిగితే, కాలు విసిరాను, తర్వాత తగిలింది, మధ్యలో ఏం గుర్తు లేదు అని రాసిందట.

మేడం చెడ్డ మనిషి కాదు. లెక్కల మేడం, దేన్నయినా వరసగా విడదీసి చూస్తుంది. గుద్దు ఎక్కడికి వెళ్ళాలి అని సెన్సేని అడిగింది. గుండెల మీదకి అన్నాడు. మొహం మీదకి గుద్దడం నేర్పారా అని అడిగింది. లేదన్నాడు, ఈ పిల్లలకి అది ఇంకా రాలేదన్నాడు. రెండూ నిజాలే. అప్పుడు మేడం గుమ్మం దగ్గర నిలబడ్డ అటెండరు గురమ్మని పిలిచింది. గురమ్మ పొడుగు మనిషి, దాదాపు సుహాసినంత ఉంటుంది. ఆమెని గోడకి ఆనించి నిలబెట్టి, భరణిని పొద్దున్న చేసినట్టే చెయ్యమంది.

భరణి పిడికిలి వెళ్ళింది. గురమ్మ జాకెట్టు గుండీకి వేలెడు దూరంలో ఆగింది. గురమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"నోరెక్కడుంది, నీ చెయ్యెక్కడుంది?" అంది మేడం. గొంతులో కోపం లేదు. "ఆ అమ్మాయి నీకన్నా తలెత్తు ఎక్కువ. ఎత్తకుండా నీ చెయ్యి నోటికెలా తగులుతుందమ్మా?"

భరణి తన చేతి వైపు చూసింది. గురమ్మ నోటి వైపు చూసింది. మధ్యలో జానెడు పైన ఖాళీ ఉంది.  నిన్న సాయంత్రం అన్నం ఎందుకు వదిలేశావని మేడం అడిగింది.  ముందు వరసలో తనని నిలబెట్టలేదని కడుపులో మండిన మాట నిజం. ఆ మంట రాత్రికి చల్లారిందనే అనుకుంది. చల్లారకుండా చేతిలోకి దిగిందేమో. తనకి తెలియకుండా తన చెయ్యి జానెడు ఎత్తు లేచిందేమో. ఆ ఊహ రాగానే బల్ల అంచు పట్టుకుంది.

జగన్నాధం గారు కేసు పెట్టనన్నారని మేడం చెప్పింది. ఆయనకి కావాల్సింది ఒక్కటే, ఆ పిల్ల వచ్చి నిజం ఒప్పుకోవాలి. ఆయన వదిలేస్తే కాలేజీ కూడా వదిలేస్తుంది. లేకపోతే సోమవారం తండ్రి వచ్చి టీసీ తీసుకుపోవాలి. కరాటే క్లాసు మాత్రం ఈ పూటతో సరి.

సెన్సే బయటికొచ్చి వరండాలో తన సంచి సర్దుకున్నాడు. నల్ల బెల్టుని మూడు మడతలు పెట్టాడు, విప్పాడు, మళ్ళీ పెట్టాడు. భరణి స్తంభం పక్కన నిలబడి ఉంది.

"ఆగిందా?" అన్నాడు, తల ఎత్తకుండానే.

"ఆగినాది సెన్సే."

"మరెలా తగిలింది?"

భరణి నోరు తెరిచింది. పాపిడి కనిపించిందని చెబుదామనుకుంది. అదేం మాట, పిచ్చిదానిలా. నోరు మూసుకుంది. తన కన్నా తలెత్తు పొడుగున్న పిల్ల పాపిడి తనకెలా కనిపిస్తుంది. ఇన్నాళ్ళలో ఏనాడూ కనిపించలేదు. అది కూడా చేతి లాగే కన్ను చెప్పిన అబద్ధమేమో. సెన్సే సంచి భుజాన వేసుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. మైదానం వైపు తిరిగి వంగి నమస్కరించి గానీ అతను ఏనాడూ గేటు దాటడు. ఆ రోజు మరిచిపోయాడు.

సాయంత్రం భరణి దండెం దగ్గరికి వెళ్ళింది. ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది. పిడికిలి పంపింది. తువ్వాలు కదల్లేదు. మళ్ళీ పంపింది. కదల్లేదు. చెయ్యి చెప్పింది చేస్తూనే ఉంది. అందుకే ఆమెకి ఎక్కువ భయం వేసింది. చెప్పింది చేసే చెయ్యి పొద్దున్న ఎవరు చెబితే లేచింది? మెస్సులో అందరూ తింటుంటే కంచం ముందు కూర్చుని, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు మాత్రం ఎడమ చేత్తో తాగి లేచిపోయింది.

*

కబురందుకుని శనివారం పొద్దున్న తండ్రి కొండబాబు వచ్చాడు. వంశధార పక్క పల్లె నుంచి మొదటి బస్సు పట్టుకున్నట్టున్నాడు. తలపాగాలో వరి పొట్టు ఇంకా అతుక్కునే ఉంది. చేతిలో కొబ్బరి బొండాల గెల. నమలలేని పిల్లకి ఇంకేం తేవాలో తోచలేదన్నాడు. పనలు సగమే కుప్పకెక్కాయి, మిగతా సగం చేలోనే ఉంది, మీ అమ్మా నేనూ రాత్రంతా మోశాం అని చెప్పి, అంతలోనే ఆ సంగతి ఎందుకు చెప్పానా అన్నట్టు ఆగిపోయాడు. ఆకాశం వైపు మాత్రం చూడలేదు. ఆకాశం మూడో రోజు కూడా అలాగే, బూడిద రంగులో, కిందికి దిగి ఉంది.

పాత బజారు దాకా నడిచారు. నిజంగా ఏం జరిగిందని అతను అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది భరణికి. కొట్టు వీధి మొదట్లో ఆగి, గెల కింద పెట్టి, భుజం మార్చుకుంటూ అన్నాడు.

"అమ్మీ, నువ్వు సేసినావో సెయ్యనేదో నాకొద్దు. కోపమొచ్చింది బాబూ, కొట్టీసినాను అని ఒక్క మాట అనీ. ఆయన కాళ్ళ మీద పడు. అక్కడితో సరిపోద్ది. సదువు పోతే మళ్ళీ రాదు."

"సెయ్యనిది సేసినానని ఎలా సెప్పను నానా?"

"సెయ్యనేదని నీకు రూఢీయేనేటి?"

ఆమె చున్నీ ముడి తడుముకుంది. రూఢీ లేదు. అదే కదా.

జగన్నాధం కొట్టు ముందు భాగం ఇరుకు, లోపలికి పొడుగు. ముందు కాటా, గల్లాపెట్టె. వెనక రెండు వైపులా నిలువెత్తు బస్తాలు, కందిపప్పు, మినుములు, పెసలు, బియ్యం. వాటి మధ్య ఒక మనిషి పట్టేంత దారి, పైన రేకులు. ఆ దారి చివర గుమ్మం, గుమ్మం అవతల ఇల్లు. వాళ్ళు వెళ్ళేసరికి ఆయన బేరం చూస్తున్నాడు. వచ్చినవాళ్ళెవరో తెలిసి కూడా కాటా వైపే చూస్తూ మినుములు తూచాడు. బేరగాడు వెళ్ళాక లేచి లోపలి దారిలోకి నడిచాడు. తండ్రీ కూతుళ్ళు వెనక నడిచారు.

గుమ్మం పక్కన సుహాసిని నేల మీద కూర్చుని ఉంది. పై పెదవి ఉబ్బి నల్ల దారం కుట్లతో మొహం వేరే ఎవరిదోలా ఉంది. భరణిని చూసి కళ్ళు దించుకుంది. ఆమె వెనక నాయనమ్మ బుల్లమ్మ చోడి జావ చల్లారబెడుతూ గిన్నెలో గరిటె తిప్పుతోంది. భరణికి అక్కడే కాళ్ళు ఆగిపోయాయి. ఆ పెదవి వైపు చూడలేక, చూపు తిప్పుకోలేక నిలబడిపోయింది. తన చెయ్యి చేసిన పని అది.

జగన్నాధం ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. కొండబాబు గెల దించి, తలపాగా విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"తప్పయిపోనాది బాబూ," అన్నాడు.

జగన్నాధం అతనికేసి చూడలేదు. భరణితోనే మాట్లాడాడు. గొంతు ఎత్తలేదు. నీ చదువు చెడగొట్టాలని నాకు లేదన్నాడు. నేనూ ఆడపిల్ల తండ్రినే అన్నాడు. పన్ను డబ్బులు పోసి కట్టించుకుంటాను, దానికి నువ్వేం ఇవ్వక్కర్లేదన్నాడు. మీరిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుంటారట, మా పిల్ల ఇంటికొచ్చి నీ ఊసే చెప్పేది, అలాంటి నువ్వు ఎందుకు కొట్టావో తెలియకపోతే నాకు నిద్ర పట్టదన్నాడు. చెబుతూ చెబుతూ కాలు చాపుకున్నాడు. కాలు పక్కనున్న బియ్యం బస్తాకి తగిలింది. మాట ఆపకుండానే వంగి బస్తాకి వేళ్ళు ఆనించి కళ్ళకద్దుకుని, మళ్ళీ నిటారుగా కూర్చుని, మిగతా మాట పూర్తి చేశాడు.

భరణి చూస్తోంది. పొడుగాటి మనిషి. ఆ ఒక్క క్షణం అతని నడినెత్తిన పల్చబడ్డ జుట్టు ఆమెకి కనిపించింది. లోపల ఎక్కడో ఏదో కదిలింది. నీళ్ళ అడుగున చేప మసిలినట్టు కదిలి, దొరక్కుండా పోయింది.

"సెప్పమ్మీ," అన్నాడు కొండబాబు పక్క నుంచి, లోగొంతుతో. "సెప్పీ."

భరణి రెండు చేతులూ గుండెల దగ్గర జోడించింది. కుడి గుప్పిట్లో చున్నీ ముడి ఉంది, విప్పలేదు. నోరు తెరిచింది. కోపమొచ్చింది బాబూ అన్న మాట నాలిక మీదకి వచ్చింది కూడా. సుహాసిని తల ఎత్తి ఆ మాట కోసమే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. ఎందుకు అన్నదే ఉంది.

"నాను ఆపినాను బాబూ," అంది భరణి.

కొండబాబు తలపాగా గుడ్డని చేతిలో నులిమాడు.

జగన్నాధం లేచాడు. ఇంతసేపూ లోపల అణచుకున్నదంతా ఆయన మొహంలోకి వచ్చింది. "ఆపితే నా పిల్ల నోరలా ఎందుకున్నాది? నాకన్నా నువ్వు తలెత్తు తక్కువ. అదీ నా ఎత్తే. గుండెల మీద ఆపిన చెయ్యి నోటి మీదకి ఎలా ఎల్లింది?" అంటూ ముందుకి ఒక్క అడుగు వేశాడు. ఇరుకు దారి. ఆయన కాలు భరణి పాదం మీద పడింది.

తర్వాత జరిగింది ఎవరూ కావాలని చేసింది కాదు. ఆ కోపంలోనే, నోట్లో మాట అలా ఉండగానే, జగన్నాధం నడుం వంగింది. చెయ్యి ఆమె పాదం వైపు జారింది. వంగుతున్న మొహం జోడించిన భరణి చేతుల మీదకి వచ్చింది. ఆమె చేతులు కదల్లేదు. ఆయన మీసం ఆమె మెటికలకి తగిలి ఆగింది.

ఆయన అలాగే ఉండిపోయాడు. వేళ్ళు ఇంకా పాదానికి అందలేదు. తన మూతికి ఆనుకుని ఉన్న ఆ పిడికిళ్ళని, వాటి మీద తోలు లేచిన చోటుని, కళ్ళు రెండూ దగ్గరికి తెచ్చి చూస్తున్నాడు. పైన భరణికి ఆయన నడినెత్తి కనిపిస్తోంది. ఈసారి చేప దొరికింది.

"సుహాసినీ ఇలాగే వంగినాది బాబూ," అంది.  "దాని కాలు నాకు తగిలినాది. నాకు దాని పాపిడి కనిపించినాది. పాపిట్లో పుట్టుమచ్చ ఉన్నాది."

బుల్లమ్మ చేతిలో గరిటె ఆగింది. గిన్నె కింద పెట్టి, ముందుకి జరిగి, మనవరాలి తల తన వైపు వంచింది. రోజూ నూనె రాసి జడ వేసే చెయ్యి అది, వెతుక్కోనక్కర్లేదు. రెండు వేళ్ళతో జుట్టు పాయ తీసింది. అందరూ చూశారు. పాపిడి మధ్యలో మిరియపు గింజంత మచ్చ. పక్కన నిలబడి చూసినా కనిపించేది కాదు. ఎదుట వంగిన తలలో, మీద నుంచి చూస్తే తప్ప.

సుహాసిని తన కుడి చేతి వైపు చూసుకుంది. ఆ చెయ్యి దానంతటదే కాస్త ముందుకి వెళ్ళింది, వేళ్ళు గాలిలో దేన్నో తాకినట్టు ఆగాయి, వెనక్కి వచ్చి కళ్ళ దగ్గర నిలిచాయి. అక్కడే ఉండిపోయాయి.  ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చింది.

 వీధిలో ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ముందు కొట్లో ఎవరో వచ్చి పిలిచి, పలక్కపోయేసరికి వెళ్ళిపోయారు.

జగన్నాధం మెల్లగా నిటారయ్యాడు. ముక్కాలిపీట వెనకే ఉన్నా దాని సంగతి మరిచిపోయి గచ్చు మీద చతికిలబడ్డాడు. తల్లి వైపు చూశాడు. బుల్లమ్మ మనవరాలి జుట్టు ఇంకా వదల్లేదు.

"నడక రాకముందే నేర్పినాను," అంది ఆమె, ఎవరితోనూ కాదు. "గింజకి కాలు తగిల్తే వంగు, మనిసికి తగిల్తే వంగు అని. నాలుగు అక్షరాల కన్నా ముందు అదే నేర్పినాను."

కొండబాబు ఏం చెయ్యాలో తెలియక విప్పిన తలపాగా మళ్ళీ చుట్టుకోవడం మొదలుపెట్టాడు. సగం చుట్టి ఆపేశాడు. కూతురు వైపు చూడలేకపోయాడు. వీధి మొదట్లో తను అన్న మాట ఇప్పుడు అతని చెవిలోనే ఉంది.

"సోమారం కాలేజీకి నానొస్తాను," అన్నాడు జగన్నాధం నేల వైపు చూస్తూ. "మేడంకి నానే సెప్తాను. ఆ మేష్టారు ఊరెక్కడో కనుక్కోండి." లేస్తూ, "పొద్దెక్కిపోనాది. కాళ్ళు కడుక్కోండి," అన్నాడు.

పనల సంగతి చెప్పి వెళ్ళిపోదామని కొండబాబు నోరు తెరిచాడు. జగన్నాధం మొహం చూసి మూసుకున్నాడు.

*

వచ్చిన రైతులకి ఆ ఇంట్లో ముందు అరుగు మీద వడ్డించడం అలవాటు. ఆ రోజు బుల్లమ్మ వంటింటి ముందు నడవలోనే అన్ని విస్తళ్ళూ ఒకే వరసలో వేసింది. జగన్నాధం, పక్కన కొండబాబు, ఆ పక్కన భరణి, చివర సుహాసిని. సుహాసిని తల్లి వంటింట్లోంచి అన్నం తెచ్చింది. ఏడ్చిన కళ్ళు, అయినా భరణి విస్తట్లో రెండో గరిటె కూడా వడ్డించి వెళ్ళింది. పప్పు, ఆనపకాయ పులుసు. సుహాసినికి మాత్రం మెత్తగా పిసికిన మజ్జిగన్నం.

 జగన్నాధం ఒక ముద్ద కలిపి, కలిపిన ముద్దనే మళ్ళీ మళ్ళీ కలుపుతున్నాడు.

భరణి కూర్చుంది గానీ చెయ్యి పెట్టలేదు. తినాలంటే పిడికిలి విప్పాలి. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. పక్కన సుహాసిని తినడం ఆపి ఆ గుప్పిటి వైపే చూస్తోంది. కాసేపటికి ఎడమ అరచెయ్యి చాపి భరణి మోకాలి పక్కన పెట్టింది. భరణి చున్నీ ముడి విప్పింది. పన్ను ముక్క ఆ అరచేతిలో పడింది. సుహాసిని దాన్ని చూసుకుంది. కొత్తదేదో చూసినట్టు చాలాసేపు చూసుకుని, వేళ్ళు మూసి, ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

అప్పుడు భరణి చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. పులుసు కలుపుతుంటే తోలు లేచిన మెటిక మీద ఉప్పు చురుక్కుమంది. మూడో రోజుకి ఆ చెయ్యి తనదేనని తెలిసింది. ముద్ద నోటి దాకా తెచ్చింది, తింది.

కొట్లో రేకుల మీద ఒక చినుకు పడింది. ఆగి, ఇంకొకటి. ఆ తర్వాత గుప్పెడు శనగలు విసిరినట్టు ఒక్కసారిగా మొదలైంది. కొండబాబు చేతిలో ముద్ద సగంలో ఆగింది. జగన్నాధం తల ఎత్తి అతనికేసి చూశాడు. అతని పొలం సంగతి ఎవరూ చెప్పకపోయినా, పంట కొనే మనిషికి ఆ ఆగిన చెయ్యి చాలు.

ఆ చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత నోటి దగ్గరికి వెళ్ళింది. వాన చప్పుడులో నలుగురూ తల వంచుకుని తింటున్నారు.